పార్కులో నాలుగు పొయ్యిలు పెడితే ఏమైతాదంట?

కార్తీకమాసం మొదలైతే చాలు మా కడపలో ఫ్లెక్సీలు లేస్తాయి. ఫలానా సంఘం వారి వనభోజన మహోత్సవం, కులబాంధవులందరూ సకుటుంబ సపరివారంగా విచ్చేయాలి, పైన పెద్ద మొహాలు రెండు మూడు, కింద స్టాంపు సైజు మొహాలు లెక్కలేనన్ని. అప్సర సర్కిల్ నుంచి కోటిరెడ్డి సర్కిల్ దాకా బండి మీద ఒకసారి పోయొస్తే ఏ కులం వాళ్లు ఏ ఆదివారం ఎవరి తోటలో తింటున్నారో మొత్తం తెలిసిపోతుంది, వేరే సర్వే అక్కర్లేదు. అందులో మీ కులం లేదనుకోండి, ఉన్నా సంఘానికి చందా కట్టే రకం కాదనుకోండి, లేదంటే మొగుడిదొక కులం పెళ్లాందొక కులం అనుకోండి, మీరు వనభోజనానికి యాడికి పోవాల?

నేనడిగేది పెద్దదేం కాదు. మున్సిపాలిటీ పార్కులో ఒక మూల నాలుగు పొయ్యిలు, పైన రేకుల షెడ్డు, ఒక కొళాయి, కూరగాయలు తరుక్కోడానికి ఒక గట్టు. ఎవరైనా సరే వచ్చి వండుకుని తిని కడిగిపెట్టి పోవచ్చు. పార్కులో నడవడానికి ట్రాక్ వేశారు, పిల్లలకు జారుడుబండ పెట్టారు, పెద్దోళ్లకు బెంచీలు వేశారు, వండుకోడానికి పొయ్యి ఎందుకు పెట్టరు అని అంతే.

ఈ మాట మా వాకింగ్ బ్యాచ్‌లో అన్నందుకు నన్ను చూసిన చూపు ఉండాది చూడండి, పార్కులో బార్ పెట్టమని అడిగినట్టు చూశారు. "ఏందబ్బా నువ్వు చెప్పేది, పార్కుకు వచ్చేది గాలి పీల్చుకోడానికా పొగ పీల్చుకోడానికా" అని ఒకాయన. "రెండో రోజుకే కుక్కలూ ఎముకలూ, మూడో రోజుకు కొళాయి తిప్పు కూడా ఉండదు" అని ఇంకొకాయన. రిటైర్డ్ సార్ ఒకాయన మాత్రం మెల్లగా అసలు మాట బయటపెట్టినాడు, "ఎవరెవరో వచ్చి ఏమేమో వండుతారప్పా". ఆ ఎవరెవరో, ఏమేమో అనే రెండు మాటల దగ్గరికి తర్వాత వస్తా, ఎందుకంటే నా లెక్కలో అసలు అడ్డం పొగా కాదు కుక్కలూ కాదు, అదే.

ముందు ఇది చెప్పండి, బయట వండుకోవడం మన సీమకు కొత్తా? ఊరి దేవతకు జాతర, మా పక్క దేవర అంటాం, అది చేస్తే ఊరి బయటే కదా పొయ్యిలు పెట్టేది. దర్గాకు మొక్కుకుని కందూరు చేస్తే, ముస్లింలే కాదు రెడ్లూ బోయలూ మాలమాదిగలూ అందరూ చేస్తారు మన పక్కన, పొట్టేలును తోలుకునిపోయి ఆ చెట్ల కిందే కోసి ఆడే వండి అందరికీ పెట్టి వస్తారు. పీర్ల పండగకు చావిడి ముందు గుండం తవ్వి నిప్పు వేస్తే ఊరంతా చుట్టూ తిరుగుతుంది. శ్రావణమాసంలో కర్నూలు జిల్లా ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయి చూడండి, పొయ్యి లేని చెట్టు నీడ దొరకదు. నలుగురిలో నిప్పు పెట్టడం, నలుగురిలో వండడం, నలుగురికీ పెట్టడం మన వాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని కాదు.

కందూరు ఎప్పుడూ దగ్గర్నుంచి చూడని వాళ్ల కోసం కొంచెం చెప్తా. పొద్దున్నే ఆడవాళ్లు ఎర్రగడ్డలు ఒలుస్తూ కూర్చుంటారు, మసాలా ఇంటి నుంచే నూరుకుని స్టీలు డబ్బాలో తెచ్చుకుంటారు. రాళ్లు ఏరే పని మాత్రం పెద్దాయన ఎవరో ఒకరు చేస్తారు, మూడు రాళ్లూ ఒక ఎత్తులో ఉండాల, డేక్సా పెట్టి చేత్తో అటూఇటూ ఊపి చూస్తాడు, కదిలితే రాయి కింద పెంకు ముక్క దూర్చుతాడు. మా చిన్నాయన ఒకాయన ఉన్నాడు, ఇంట్లో కాఫీ కూడా కలుపుకోడు, గ్యాస్ స్టవ్ ఎటుపక్క తిప్పితే వెలుగుతుందో తెలియదు. కందూరుకు పోతే లుంగీ ఎగ్గట్టి తలకు తువ్వాలు చుట్టి ఆ డేక్సా దగ్గరికి ఇంకొకరిని రానివ్వడు, కారం ఎంత పడాలో ఉప్పు ఎప్పుడు వేయాలో అంతా ఆయనే. మంట ఎక్కువైతే ఒక కట్టె బయటికి లాగుతాడు, తక్కువైతే లోపలికి తోస్తాడు, మధ్యలో గరిటె చివర్న ఒక బొట్టు అరచేతిలో వేసుకుని నాకి చూసి తల ఊపుతాడు. "బయట వంట పెడితే మళ్లీ ఆడవాళ్లకే చాకిరీ" అని ఒక అక్క నాతో అన్నది, ఆమె మాటలో నిజం లేకపోలేదు, ఆ ఎర్రగడ్డలు ఒలిచిందెవరో పైనే రాశాను. కానీ నాలుగ్గోడల మధ్య వంటింటి పక్కకు రాని మగోడు బయట పొయ్యి దగ్గర తనంతట తానే కూర్చుంటాడు, ఎందుకు కూర్చుంటాడో నాకైతే తెలీదు గానీ కూర్చోవడం చూస్తూనే ఉన్నా.

సరే, అలవాటు ఉంది. చోటు ఎవరికి ఉంది అనేది ప్రశ్న. దేవరకు పోవాలంటే ఊరు ఉండాల, కందూరుకు మొక్కు ఉండాల, కార్తీక వనభోజనానికి కులసంఘం ఉండాల, ఫామ్‌హౌస్‌కు డబ్బు ఉండాల, ఆఖరికి మామిడి తోటలో కూర్చోవాలన్నా ఆ తోట వాళ్లతో చుట్టరికం ఉండాల. ఇవేవీ లేకుండా నేనూ నా పెళ్లాం పిల్లలూ, పక్కింటి వాళ్లూ, ఆఫీసులో ఇద్దరు ముగ్గురూ కలిసి ఒక ఆదివారం సంగటీ నాటుకోడి పులుసూ చెట్టు కింద వండుకుని తినాలంటే కడప టౌన్‌లో చట్టప్రకారం ఎవరూ పొమ్మనకుండా వండుకునే చోటు నాకు కనపడలేదు, మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.

చోటు లేదు కదా అని జనం ఊరుకోరు. పాలకొండల కిందికి పోతారు, లంకమల పక్కకు పోతారు, నిత్యపూజకోనకు పోతారు, పుష్పగిరి కాడ పెన్న ఇసకలో దిగుతారు. ఎండిన బోదగడ్డి పక్కనే మూడు రాళ్లు పెట్టి నిప్పు పెడతారు, తిన్నాక బాటిల్‌లో మిగిలిన నీళ్లు పైన చల్లి ఆరిపోయిందిలే అని బండెక్కుతారు, లోపల నిప్పు కణిక అట్లనే ఉంటుంది. రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేయడం 1967 అటవీ చట్టం కిందనే నేరం, బోర్డులు కూడా ఉంటాయి, ఆ బోర్డు నీడలోనే కూర్చుని తింటారు. ఎర్రచందనం పెరిగే కొండలివి, ప్రపంచంలో ఇంకెక్కడా మిగల్లేదనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనపడింది ఈ లంకమల పక్కనే, సిద్దవటం వైపు. ఇట్లాంటి చోట జనాన్ని తిట్టి లాభం లేదు. ఫిన్లాండ్‌లో నేషనల్ పార్కుల్లో నిప్పు పెట్టుకోడానికి ఫలానా చోటు అని కట్టించి, కట్టెలు కూడా వాళ్లే షెడ్డులో పేర్చి పెడతారు, ఇక్కడ కాల్చుకో, ఇంకెక్కడా కాల్చొద్దు అని. అడవి కాలే ప్రమాదం ఉందని వార్నింగ్ ఇచ్చిన రోజుల్లో ఆరుబయట మంట కూడా బంద్. వద్దు అనే బోర్డు పక్కనే ఇక్కడ చేస్కో అనే బోర్డు కూడా ఉంటేనే మొదటి బోర్డుకు విలువ.

ఒక పార్కులో, పేరెందుకులెండి, నేను కళ్లారా చూసిన సంగతి. ఒక కుటుంబం, అవ్వ, కొడుకు కోడలు, ఇద్దరు పిల్లలు, వేపచెట్టు కింద చాప పరిచి చిన్న సిలిండర్ స్టవ్ మీద ఉగ్గాని చేసుకుంటా ఉన్నారు. బొరుగులు అప్పటికే నానబెట్టి పిండి పక్కన పెట్టినారు, తాలింపు చిటపటలాడతా ఉంది, పుట్నాలపొడి డబ్బా మూత తీసి ఉంది. వాచ్‌మన్ వచ్చి విజిల్ ఊదినాడు. మంట ఆపమన్నాడు. ఆ అవ్వ "అయిపాయె నాయనా, రెండు నిమిషాలు, నువ్వూ ఇంత తిను" అన్నది, ఆయన మొహమాటపడి కూడా ఒప్పుకోలేదు, ఎవరో ఫోటో తీసి పైవాళ్లకు పంపితే తన ఉద్యోగం పోతుందంట. సగం తాలింపుతో ఆ బాణలి అట్లనే పట్టుకుని గేటు బయటికి పోయి ఫుట్‌పాత్ మీద కూర్చుని కలుపుకుని తిన్నారు, మురిక్కాలవ పక్కన. వాచ్‌మన్‌ను నేనేమీ అనను, రూల్ ఆయన రాసింది కాదు. లోపల చెట్టు కింద వండితే తప్పు, బయట కాలవ పక్కన వండితే తప్పు కాదు, ఇదేం రూల్ సామీ అని రూల్ రాసిన వాళ్లను అడగాల.

మన పార్కుల్లో బోర్డులు చదివితే నవ్వొస్తుంది. పూలు కోయరాదు, గడ్డిపై నడవరాదు, ఆటలు ఆడరాదు, పెంపుడు జంతువులు తేరాదు. ఏం చేయొచ్చో రాసిన బోర్డు నేనింతవరకూ చూడలేదు. 2015లో టౌన్ల బాగు కోసం కేంద్రం పెట్టిన అమృత్ పథకం వచ్చాక మన కడప, కర్నూలు, అనంతపురం అన్నీ ఆ లిస్టులో ఉన్నాయి, అందులో పార్కులకని వేరేగా కొంత వాటా కూడా పెట్టారు, ఆ తర్వాత ఎక్కడ చూసినా టైల్స్, ఫౌంటెన్లు, ఓపెన్ జిమ్‌లు. ఓపెన్ జిమ్ మంచిదే, కాదనను, పొద్దున పూట వాడే వాళ్లున్నారు. ఒక జిమ్ మిషన్ కూర్చునే చోట ఒక పొయ్యి కూడా కూర్చుంటుంది అని అంటున్నా.

బయటి దేశాల సంగతి తెలిసిన వాళ్లు వెంటనే ఆస్ట్రేలియా అంటారు. అవును, ఆస్ట్రేలియాలో పార్కుల్లో, బీచుల్లో పబ్లిక్ బార్బెక్యూలు ఉంటాయి, చాలావరకు కరెంటువి, ఒక స్టీలు పలక, ఒక బటన్. బటన్ నొక్కితే పలక వేడెక్కుతుంది, కాసేపటికి దానంతట అదే ఆరిపోతుంది, మళ్లీ కావాలంటే మళ్లీ నొక్కాల. ఒకప్పుడు నాణెం వేస్తే వెలిగేవి, ఇప్పుడు చాలాచోట్ల ఉచితం. వాళ్ల ఎండాకాలంలో మంటలు పెట్టకూడదని నిషేధం పెట్టిన రోజుల్లో కట్టెల మంట, బొగ్గుల మంట బంద్. అక్కడ ఒకే పలక మీద ఒకళ్లు మాంసం కాల్చుకుంటే పక్కనే ఇంకొకళ్లు ఏదో కూరగాయ కాల్చుకుంటారు, తర్వాత వచ్చేవాళ్ల కోసం గీకి తుడిచి పోవడం అక్కడి మర్యాద.

కానీ ఆ పలక తెచ్చి మన పార్కులో పెడితే దండగ. మన వంట పలక మీద కాలేది కాదు, దోసెలు పోసుకోవచ్చేమో. మనకు కావాల్సింది పాత్ర కూర్చునే పొయ్యి. సంగటి గెలికిన వాళ్లెవరికైనా తెలుసు ఆ పని ఎట్లాంటిదో. ఎసట్లో బియ్యం మెత్తగా ఉడికినాక రాగిపిండి గుట్టగా పోసి మూతపెట్టి సన్నమంట మీద వదిలేస్తారు, పిండి ఉడికి పైకి బుడగలు తన్నుతాయి, అప్పుడు కట్టె తీసుకుని గెలకాల. ఒకరు రెండు గుడ్డలతో గిన్నె అంచులు ఒడిసి పట్టుకుంటే ఇంకొకరు ఒళ్లంతా బరువేసి తిప్పుతారు, ఉండకట్టకుండా. ఆ బరువు నడుమెత్తు గట్టు మీద ఉండే స్టవ్ ఆపలేదు, మనిషీ వేయలేడు. కాబట్టి పొయ్యి మోకాలి ఎత్తు దాటకూడదు, మీద ఇనుపకడ్డీలతో చేసిన మందపాటి చట్రం సిమెంటులో పాతి ఉండాల, పది మంది వంట పట్టే డేక్సా పెట్టినా ఒరగకూడదు. బిర్యానీ దమ్ పెట్టేవాళ్లకు మూత మీద నిప్పులు వేసుకోడానికి పక్కన ఒక ఇనుప పార, నిప్పులు ఆర్పడానికి ఇసక తొట్టి. ఈ డిజైన్‌కు ఆస్ట్రేలియా పోనక్కర్లేదు, మన టౌన్‌లో పెళ్లిళ్లకు వండే వంటమాస్టర్‌ను ఎవరినైనా ఒక పూట కూర్చోబెట్టి అడిగితే చాలు, ఇంజనీరు కంటే బాగా చెప్తాడు.

గట్టు సంగతికొస్తే నాకు ఇంకా మంట. ఎర్రగుంట్ల పక్కన తవ్విన నల్ల బండలు దేశంలో ఎన్ని ఊళ్లకు పోయి ఎన్ని వంటిళ్లలో గట్లయినాయో లెక్కుందా? కడప బండ అంటే బొంబాయిలో కూడా వంటింటి గట్టే గుర్తొస్తుంది వాళ్లకు. ఆ ఊరి పార్కులో టమాటాలు తరుక్కోడానికి జానెడు గట్టు లేదు. ఒక జాగ్రత్త మాత్రం, ఆ బండ గట్టుకే, పొయ్యికి కాదు. నాపరాయికి సూటిగా మంట తగిలితే పొరలు లేచి టప్పుమని చిట్లుతుంది, ముక్క ఎగిరి కంట్లో పడితే ఇంక అంతే. రాళ్లు ఏరే పెద్దాయన నాపరాయి ముక్కను పక్కకు విసిరేసేది అందుకే. పొయ్యి లోపలి గోడకు మంటకు తట్టుకునే ఇటుక వాడాల.

ఇంధనం దగ్గర నాకు రెండు మనసులు. గ్యాస్ అయితే పొగ ఉండదు, శుభ్రం, కానీ సిలిండర్‌ను జాలీలో పెట్టి తాళం వేయాల, పైపులు చెక్ చేయాల, గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే కిందికి దిగి గుంటల్లో చేరుతుంది, చూసుకునే మనిషి రోజూ లేకపోతే అది కట్టెల కంటే ప్రమాదం. ఎవరి చిన్న సిలిండర్ వాళ్లు తెచ్చుకోవచ్చు అంటే అది ఇంకా కష్టం, ఎవరి ట్యూబ్ ఎంత పాతదో ఎవరు చూస్తారు. అందుకని మొదట కట్టెల పొయ్యిలే పెట్టమంటా. కట్టె ఎవరిది వాళ్లు తెచ్చుకోవాల లేదా గేటు దగ్గర మోపు కొనుక్కోవాల. కందికట్టె మన జిల్లాలో కొరత లేదు, చురుగ్గా మండుతుంది, త్వరగా బూడిదవుతుంది. టౌన్ చుట్టూ ఎంత కొట్టినా మళ్లీ లేచే ముళ్లకంప ఉండనే ఉంది, దాన్ని కాల్చినంత మాత్రాన దేశానికి నష్టం లేదు. పార్కులో చెట్టు కొమ్మ విరిస్తే మాత్రం ఫైన్, అందులో మొహమాటం లేదు.

పొగ సంగతి తీసి పారేసేది కాదు, ఆస్తమా ఉన్న వాళ్లు నడిచే చోట పొగ పెట్టడం అన్యాయమే. పొయ్యి అడుగున జల్లెడ ఉండి కింద నుంచి గాలి తగిలితే, కట్టె ఎండుదైతే, షెడ్డు మీదికి గొట్టం లేస్తే పొగ చాలా తగ్గుతుంది, ట్రాక్‌కు దూరంగా గాలివాలు చూసి ఒక మూల పెడితే ఇంకా తగ్గుతుంది. 1980ల్లో కేంద్రం పొగలేని పొయ్యిల పథకం పెట్టింది, పాత ఇళ్లలో ఆ గొట్టాలు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట కనపడతాయి. చానా ఇళ్లలో అవి మూలపడింది గొట్టంలో మసి తీసేవాళ్లు లేక, పగిలిన చోట మెత్తేవాళ్లు లేక. అది గుర్తు పెట్టుకుంటే చాలు, పొయ్యి కట్టడానికి ఎంత అడుగుతారో రిపేరుకు కూడా ఏటా అంత శ్రద్ధగా అడగాల.

ఇంక చెత్త. "మనోళ్లకు క్రమశిక్షణ లేదు సార్, ఫారిన్‌లో అయితే..." అని మొదలుపెట్టే వాళ్లకు ఒక సంగతి. జర్మనీలో బెర్లిన్ నడిబొడ్డున టియర్‌గార్టెన్ అని పెద్ద పార్కు ఉంది, ఆదివారాలు జనం వచ్చి గ్రిల్లులు పెట్టుకునేవాళ్లు, ఎంత చెత్త మిగిల్చేవాళ్లంటే 2012 నుంచి అక్కడ గ్రిల్లు పెట్టడమే నిషేధించారు. జర్మన్లు! అదే ఊర్లో పాత ఎయిర్‌పోర్టును 2010లో టెంపెల్‌హోఫ్ అనే పార్కుగా తెరిచి దాంట్లో గ్రిల్లుకు ఇదిగో ఈ భాగం అని విడిగా గీత గీసి ఇచ్చారు. అంటే చెత్త వేసే బుద్ధి ఏ ఒక్క దేశానిదీ కాదు, పదిమంది తినే ప్రతిచోటా చెత్త వస్తుంది, ఎక్కడ వస్తుందో ముందే తెలిస్తే అక్కడ డబ్బా పెట్టి మనిషిని పెట్టొచ్చు, ఎక్కడపడితే అక్కడ వస్తే ఎవరూ ఏమీ చేయలేరు. మన వనభోజనాల్లో అసలు చెత్త థర్మోకోల్ ప్లేట్లూ ప్లాస్టిక్ గ్లాసులూ, ఒకసారి వాడి పారేసే ఆ సరుకును 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు, అయినా ఏ షాపులో అడిగినా ఇస్తారు అది వేరే కథ. పార్కులో వంట అంటే విస్తరాకు లేదా ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు కంచం, మూడోది లేదు అని గేటు దగ్గరే చెప్పాల. ఎముకల కోసం మూత బిగించే డబ్బా వేరే, కుక్కల సంగతి దాంతో సగం తీరుతుంది. మిగతా సగం తీరదు, కుక్కలు వస్తాయి, ఇంట్లో తిన్నా వీధిలోకి వస్తాయి.

ఎవరు కడగాల, ఎవరు చూడాల? సింగపూర్‌లో ఈస్ట్ కోస్ట్ పార్కులో బార్బెక్యూ గుంటలు ముందే బుక్ చేసుకుని డబ్బు కట్టాల, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా అని. మనకు అంత ఆన్‌లైన్ వద్దు, ఫోన్ లేని అవ్వ కూడా వండుకోవాల. డ్వాక్రా సంఘానికి ఒకదానికి ఆ షెడ్డు అప్పజెప్పండి, కట్టెల మోపూ విస్తర్లూ డేక్సాలూ వాళ్లే అద్దెకీ అమ్మకానికీ పెట్టుకుంటారు, పొయ్యికి మాత్రం రుసుం వద్దు, డిపాజిట్ చాలు, కడిగి అప్పగిస్తే తిరిగి ఇచ్చేస్తారు. పెళ్లిళ్ల కాలంలో షామియానా సప్లయర్లు ఎట్లా గిన్నెలు లెక్కపెట్టి తీసుకుంటారో అట్లా. బూడిద కూడా తీసి ఒక తొట్టిలో పోయాల, కావాల్సినోళ్లు గిన్నెలు తోముకుంటారు, మొక్కలకు వేస్తాం అని మాత్రం ఎగబడొద్దు, మన నేలలే చానాచోట్ల చౌడు తిరిగి ఉన్నాయి, బూడిద ఇంకా చౌడు చేస్తుంది.

ఇదంతా సరదా కోసమేనా అంటే, సరదా కోసం కూడా. సరదా పేదోళ్లకు వద్దా ఏంది. కానీ సరదా ఒక్కటే కాదు. పెద్దాసుపత్రి గోడల పక్కన చూడండి, పేషెంటు వెంట పల్లె నుంచి వచ్చిన వాళ్లు ఇటుకలు పెట్టి గంజి కాస్తుంటారు, ఆపరేషన్ అయిన మనిషికి హోటల్ ఇడ్లీ పెట్టలేక. ఒకే రూములో నలుగురు అద్దెకుండే కోచింగ్ పిల్లలున్నారు, ఓనర్ స్టవ్ పెట్టనివ్వడు. బిల్డింగ్ పనులకు వచ్చి సగం కట్టిన ఇంట్లోనే పడుకునే కుటుంబాలున్నాయి. "వాళ్లకు అన్న క్యాంటీన్ ఉంది కదా, అయిదు రూపాయలకే భోజనం" అంటారు. ఉండాలి, అది లేకపోతే చానామంది పస్తే. అయితే అక్కడ పెట్టింది తింటారు, ఇక్కడ తమకు కావాల్సింది వండుకుంటారు, బాలింతకు ఇంత వెల్లుల్లి కారం కలిపి వేడన్నం పెట్టాలంటే ఏ క్యాంటీన్ పెడుతుంది? ఈ పని ఆసుపత్రి దగ్గర్లో ఉండే పార్కుతో మొదలుపెడితే ఇంకా బాగుంటుంది, అక్కడ దీన్ని ఎవరూ పిక్నిక్ అని వెక్కిరించలేరు.

ఇప్పుడు ఆ రిటైర్డ్ సార్ మాట. ఎవరెవరో వస్తారు, ఏమేమో వండుతారు. అవును సార్, వస్తారు. పక్కపక్క పొయ్యిల మీద ఒకళ్లు పప్పూ ఒకళ్లు పెద్దకూర పెట్టుకోవచ్చు, వాసన ఒకరిది ఒకరికి తగులుతుంది, మీ పిల్లోడు వాళ్ల పొయ్యి దగ్గర నిలబడి చూడొచ్చు, వాళ్లు ఒక ముక్క చేతిలో పెట్టొచ్చు. మీ భయం అదే కదా. కులానికొక ఫ్లెక్సీ వేసుకుని తోటల్లో విడివిడిగా తినే ఏర్పాటు ఈ భయం నుంచే వచ్చింది, ఉసిరిచెట్టు కింద ఊరంతా కూర్చోవాల్సిన పండగను సంఘాల మీటింగ్ చేసి పెట్టినారు, భోజనాల మధ్యలో మైకు పట్టుకుని రాబోయే ఎలక్షన్లలో మనోళ్లకు ఎన్ని సీట్లు అని.

"అయితే వెజ్ పొయ్యిలు వేరే, నాన్‌వెజ్ పొయ్యిలు వేరే పెట్టించండి" అని మధ్యేమార్గం చెప్పిన వాళ్లున్నారు. నేను దీనికి ఒప్పుకోను. రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో క్లాజు చదవండి, ప్రభుత్వ డబ్బుతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం కలిసే చోట్లు, వీటి దగ్గర మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు చూసి ఎవరినీ ఆపకూడదు అని రాసి ఉంది. 1927లో మహారాష్ట్రలో మహద్ అనే ఊరి చెరువులో దళితులు నీళ్లు తాగడానికి అంబేద్కర్ వేలమందితో నడవాల్సి వచ్చిన దేశం కాబట్టి ఆ లిస్టులో బావులూ చెరువులూ అంత పట్టుగా పేరు పెట్టి రాశారు. పొయ్యి ఆ లిస్టులో లేదు, ఎందుకంటే పొయ్యి ఎప్పుడూ నలుగురిదిగా లేదు, ఇంటిది, ఇంకా చెప్పాలంటే కులానిది. పార్కులో పొయ్యి వచ్చిన రోజు అది కూడా జనం కలిసే చోటే. దాని మీద వెజ్ అని బోర్డు పడితే నెల తిరిగేలోపు అది ఎవరి పొయ్యో అందరికీ అర్థమవుతుంది, చెప్పనక్కర్లేదు. మీకు ముందు వండిన వాళ్ల గిన్నె మీద పట్టింపు ఉంటే మీ గిన్నె మీరు తెచ్చుకోండి, ఇనుప చట్రం మీద నీళ్లు చల్లి, కావాలంటే పసుపు కూడా రాసుకోండి, మంటకు ఏ అంటూ ఉండదు. కోయడం మాత్రం పార్కులో వద్దు, మాంసం కొట్టు నుంచి కోయించుకునే రావాల, అది శుభ్రత సంగతి, అందరికీ ఒకటే రూల్. మందు కూడా వద్దు, ఇందులో నేను ముసలోడి మాదిరి మాట్లాడుతున్నానని మా తమ్ముడు అంటాడు గానీ, ఒక్క సీసా కనపడితే రెండో వారం నుంచి ఆడవాళ్లు రారు, ఆడవాళ్లు రాని పార్కు ఎట్లుంటుందో మనకు తెలుసు.

టైమింగ్స్ కూడా మార్చాల. మన పార్కులు పొద్దున రెండు మూడు గంటలు, సాయంత్రం రెండు మూడు గంటలు తెరిచి మధ్యలో తాళం వేస్తారు, సరిగ్గా వండుకుని తినే టైముకు తాళం. మే నెలలో 43, 44 డిగ్రీల్లో పొయ్యి ముందు కూర్చోమని నేను ఎవరినీ అడగను, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పగటిపూట పొయ్యిలు మూసేయండి, సాయంత్రం తెరవండి. కార్తీకం నుంచి శివరాత్రి దాకా మాత్రం ఆదివారాలు పొద్దున నుంచి పొద్దుగూకే దాకా తెరిచి ఉండాల. మన ఊర్లో ఎండ మనిషిని మనిషిగా చూసేది ఆ మూడు నాలుగు నెలలే.

ఒక్క పార్కు, నాలుగు పొయ్యిలు, ఒక సీజను. కుదరకపోతే పీకేయండి, ఇటుకలు ఎక్కడికీ పోవు. ఈ మాటలన్నీ రెండు పేజీలకు కుదించి అర్జీ రాశాను, సోమవారం గ్రీవెన్స్‌లో ఇద్దామని. వాకింగ్ బ్యాచ్‌లో పొగ అన్నాయన షెడ్డుకు గొట్టం పెట్టాలని తనే ఒక లైను కలిపి సంతకం పెట్టినాడు. కుక్కలన్నాయన ఇంకా ఆలోచిస్తున్నాడు. రిటైర్డ్ సార్ మాంసం వద్దని ఒక్క ముక్క రాస్తే పెడతానన్నాడు, ఆయన సంతకం లేకుండానే ఇస్తాం.